అందరూ ఆహ్వానితులే అంటున్న మన సంఘ పెద్దలకు

తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో, చుట్టుపక్కల పల్లెల్లో సంఘాలను నడిపిస్తున్న పాస్టర్ గార్లకు, కమిటీ పెద్దలకు, స్త్రీల సమాజం అమ్మగార్లకు,

ప్రభువు నామంలో వందనాలు.

నేను తిరుపతిలో ఉండే ఒక మామూలు సంఘస్థురాలిని. ఆదివారం సండేస్కూలు పిల్లలకు పాఠం చెబుతాను. బైబిలు కాలేజీ గడప తొక్కలేదు కాబట్టి ఇందులో వేదాంత పాండిత్యం ఏమీ ఉండదు. మీరు రోజూ చేతిలో పట్టుకునే పుస్తకంలోని మాటలే ఉంటాయి. ఈ సంగతులు విడిగా ఒకరిద్దరు పెద్దల దగ్గర ఎత్తినప్పుడు "ప్రార్థనలో పెడదాం అమ్మా" అని పంపించేశారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

డిసెంబరు వస్తే మన ఊళ్లలో గోడల మీద, ఆటోల వెనక క్రిస్మస్ సభల పోస్టర్లు కనిపిస్తాయి. ప్రసంగీకుడి ఫొటో ఎంత పెద్దదైనా, సంఘం పేరు ఏదైనా, అడుగున ఉండే వాక్యం మాత్రం ఒకటే: అందరూ ఆహ్వానితులే. ఆ పోస్టర్ చూసి ఎవరైనా నిజంగానే వస్తే వాళ్లను మనం ఎంతదాకా రానిస్తున్నాం అన్నది నా ప్రశ్న. గేటు దగ్గర చేతులు జోడించడం, కుర్చీ వేయడం, పాటల పుస్తకం చేతికివ్వడం మనకు బాగా వచ్చు. పేరు, ఫోన్ నంబరు రాసుకోవడం ఇంకా బాగా వచ్చు. అక్కడి నుంచి మన ఇంటి భోజనం బల్ల దాకా, మన పిల్లల పెళ్లి దాకా, సమాధుల తోట దాకా వాళ్లకు దారి ఉందా?

"క్రీస్తు మిమ్మును చేర్చుకొనిన ప్రకారము దేవునికి మహిమ కలుగునట్లు మీరును ఒకనినొకడు చేర్చుకొనుడి" అన్న వాక్యం, రోమా పత్రిక 15వ అధ్యాయం 7వ వచనం, మా పిల్లలకు కంఠస్థమే. అయితే పౌలు ఆ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో తెలియాలంటే ముందరి అధ్యాయం చదవాలి. రోమాలో సంఘం తిండి దగ్గర కొట్లాడుకుంటోంది. కొందరు అన్నీ తింటున్నారు, కొందరు కూరగాయలు తప్ప ముట్టడం లేదు. కొందరికి ఒక దినం గొప్పది, కొందరికి అన్ని దినాలూ ఒకటే. ఎవరు రైటో తేల్చి చెప్పమని రెండు పక్షాలూ ఎదురుచూస్తుంటే పౌలు ఆ పంచాయితీలోకే దిగలేదు. తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు, ఎందుకంటే దేవుడు అతణ్ణి చేర్చుకున్నాడు అన్నాడు.

తిరుపతిలో ఈ అధ్యాయం అర్థం కావడానికి వ్యాఖ్యాన గ్రంథాలు అక్కర్లేదు. పక్కింటివాళ్లు కొండకెళ్లొస్తే లడ్డు తెచ్చిస్తారు. గంగజాతరప్పుడు పొంగలి వస్తుంది. మన విశ్వాసుల్లో కొందరు తీసుకుని తింటారు. కొందరు తీసుకుని ఇంకెవరికో ఇచ్చేస్తారు. కొందరు గుమ్మంలోనే వద్దంటారు. వద్దనేవాళ్ల దగ్గర గట్టి వాక్యమే ఉంది. ఇది బలిగా అర్పించినది అని ఎవరైనా చెబితే, చెప్పినవాడి కోసం, మనస్సాక్షి కోసం తినొద్దని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలో ఉంది. లడ్డు అని చెప్పి చేతిలో పెట్టాక అదెక్కడిదో తెలియదనలేం గదా. తినేవాళ్లు అదే పత్రిక 8వ అధ్యాయం చూపిస్తారు: తినకపోతే మనకు తక్కువ లేదు, తింటే ఎక్కువ లేదు. ఇద్దరి దగ్గరా వాక్యం ఉంది. ఒకరి గురించి ఒకరు వెనకాల మాట్లాడుకోవడానికి మాత్రం ఎవరి దగ్గరా వాక్యం లేదు. మా ఇంట్లో నేను తింటాను, మా చెల్లెలు ముట్టదు. క్రిస్మస్ కేకు మాత్రం ఇద్దరం కలిసి వెళ్లే పక్కింట్లో ఇచ్చొస్తాం. మన సంఘాల్లో ఇదే విషయం సాక్ష్యాల సమయంలో పరోక్షంగా ఒకరినొకరు పొడుచుకోవడానికి పనికొస్తోంది. మీరు వేదిక మీద కూర్చుని ఆమేన్ అంటున్నారు.

ఇంతకంటే బాధ పెట్టేది బొట్టు సంగతి. ఇంట్లో ఒక్కతే యేసును నమ్ముకుని, భర్తకు, అత్తకు చెప్పీ చెప్పక ఆదివారం ఆరాధనకు వచ్చే ఆడవాళ్లు మన దగ్గర ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. నుదుట బొట్టు, తల్లో పూలు, చేతికి గాజులు ఉంటాయి. వచ్చిన రెండో వారానికల్లా స్త్రీల సమాజంలో ఎవరో ఒకరు పక్కకు పిలిచి చెబుతారు. కొన్నిచోట్ల ప్రార్థన చేస్తూ చేస్తూనే చేత్తో నుదురు తుడిచేస్తారు. ఆమె అలా ఇంటికి వెళితే అక్కడ ఏం జరుగుతుందో తుడిచిన చెయ్యికి తెలియదు. బొట్టు పెట్టుకోవాలా వద్దా అన్న చర్చలోకి నేను రావడం లేదు. సిరియా సైన్యాధిపతి నయమాను కథ మాత్రం గుర్తు చేస్తున్నాను. కుష్ఠు నయమైంది, ఇశ్రాయేలు దేవుడే దేవుడని ఒప్పుకున్నాడు, ఇక వేరే దేవుళ్లకు బలి అర్పించనన్నాడు. అయితే తన రాజు రిమ్మోను గుళ్లోకి వెళ్లేటప్పుడు తన చేతి మీద ఆనుకుంటాడని, తాను కూడా వంగక తప్పదని, దానికి క్షమాపణ కావాలని ముందే అడిగాడు. ప్రవక్త ఎలీషా పెద్ద ప్రసంగం చేయలేదు, షరతు పెట్టలేదు. నెమ్మదిగా వెళ్లమన్నాడు, అంతే. రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయం మన సంఘాల్లో కుష్ఠు నయమైనంతవరకే చదువుతారు, ఆ తర్వాతి రెండు మూడు వచనాల మీద నేనెప్పుడూ ప్రసంగం వినలేదు.

ఇక కుల సర్టిఫికెట్ సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు, వాళ్లకున్న రిజర్వేషన్ ఒక శాతం. పిల్ల మెడిసిన్ సీటు, పిల్లాడి ఉద్యోగం, ఊళ్లో అట్రాసిటీ కేసు పెట్టే హక్కు, అన్నీ ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నప్పుడు ఒక తండ్రి బాప్తిస్మం రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి వెనకాడతాడు. ఆయన మన సంఘంలో పాటలు పాడతాడు, కానుక వేస్తాడు, ఊరి మీద వరద వస్తే బియ్యం మూటలు మోస్తాడు. మన ప్రసంగాల్లో మాత్రం ఆయన "సర్టిఫికెట్ క్రైస్తవుడు". జనం నవ్వుతారు. ఆయన కూడా నవ్వుతాడు, ఏం చేస్తాడు మరి.

ఆ జోకు వేసే ముందు యోహాను సువార్త చూడండి. నీకొదేము రాత్రిపూట వచ్చాడు. పగలు రాకుండా రాత్రి ఎందుకొచ్చావని యేసు అడగలేదు, కూర్చోబెట్టి మాట్లాడాడు. 19వ అధ్యాయంలో అరిమతయియ యోసేపు గురించి, యూదులకు భయపడి రహస్యంగా శిష్యుడిగా ఉన్నవాడని రాసి ఉంది. సిలువ దగ్గర్నుంచి శరీరాన్ని అడిగి తీసుకెళ్లింది ఆయనే. తోడు వచ్చినవాడు ఆ రాత్రిపూట మనిషి నీకొదేము. ప్రాణమైనా ఇస్తానని అందరి ముందూ చెప్పిన పేతురు అప్పుడు అక్కడ లేడు. ఎవరి విశ్వాసం ఎంత లోతుదో రిజిస్టరు చూసి చెప్పే పని మనకు ఎవరు అప్పగించారు? ఆ ఉత్తర్వులో న్యాయం లేదనుకుంటే ప్రభుత్వాన్ని అడగాలి, కోర్టుకెళ్లాలి. దాని కింద నలిగేవాణ్ణి వేదిక మీద నుంచి ఆట పట్టించడం దేనికి?

కులం దగ్గరికి వచ్చాం కాబట్టి ఇంకొంచెం అక్కడే ఉంటాను, నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది గనక.

క్రైస్తవంలో కులం లేదని మనం బయట సభల్లో గట్టిగా చెబుతాం. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్ అని విడివిడిగా ఉంటాం. సంబంధం చూడమని పాస్టర్ గారి దగ్గరికి వెళితే పుట్టినరోజు, చదువు, ఎత్తు తర్వాత నాలుగో ప్రశ్న అదే. ఒకే వీధిలో రెండు మందిరాలుంటే, ఏది ఎవరిదో ఆటో అతనికి కూడా తెలుసు. మా సండేస్కూల్లో పదేళ్ల పిల్లాడు "మన చర్చి వాళ్లు మన వాళ్లే కదా టీచర్, ఆ చర్చి వాళ్లు వేరే కదా" అన్నాడు. ఎవరు నేర్పారురా అని అడగబుద్ధి కాలేదు. మాల, మాదిగ పేటల మధ్య మాటలు లేని ఊళ్లలో రెండు పేటల్లోనూ ఒకే యేసు పాటలు మైకుల్లో మోగుతుంటాయి. అగ్రకులాల నుంచి వచ్చిన విశ్వాసికి సాక్ష్యం చెప్పే అవకాశం త్వరగా, మైకు దగ్గరగా వస్తుంది. ఇదీ మీకు తెలియంది కాదు.

అంతియొకయలో ఇలాంటిదే జరిగింది. పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి కూర్చుని తినేవాడు. యెరూషలేము నుంచి యాకోబు దగ్గరి మనుషులు కొందరు వచ్చేసరికి భయపడి మెల్లగా ఆ బల్ల నుంచి లేచాడు. మిగతా యూదులు లేచారు, చివరికి బర్నబా కూడా లేచాడు. పేతురు ఎవరినీ తిట్టలేదు. మీరు సంఘంలో ఉండకూడదు అనలేదు. బాప్తిస్మం చెల్లదనలేదు. వేరుగా కూర్చుని తిన్నాడు, అంతే. దానికే పౌలు అందరి ముందూ, ముఖాముఖిగా, నువ్వు సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం. యూదుడని గ్రీసువాడని లేదు, దాసుడని స్వతంత్రుడని లేదు అని మనం ఫ్లెక్సీల మీద వేసుకునే వచనం ఆ తర్వాతి అధ్యాయంలోనే వస్తుంది. అంటే ఆ గొప్ప మాట భోజనాల దగ్గర జరిగిన గొడవ చెప్పాకే వచ్చింది. బల్ల దగ్గర లేచిపోయినందుకే అపొస్తలుడికి అంత గద్దింపు పడితే, పిల్లలు వేరే కులంలో పెళ్లి చేసుకున్నారని ఇంటికి రానివ్వని పెద్దను మనం సంఘ కమిటీలో ట్రెజరర్‌గా కూర్చోబెడుతున్నాం.

ఇది మిషనరీలు పట్టించుకోని విషయం కూడా కాదు. 18వ శతాబ్దం మొదట్లో జెస్యూట్లనే ఫ్రెంచి కథోలిక గురువులు పుంగనూరులో పనిచేశారు. 1853లో స్కడ్డర్ అన్నదమ్ములు మొదలుపెట్టిన ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె వైపు వచ్చింది. 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మీలియస్ ఈ వైపు వచ్చాడు. ఇవాళ తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణాంధ్ర లూథరన్ సంఘానికి మూలం ఆ పనే. వాళ్లలో అందరూ మహానుభావులు కారు. జెస్యూట్లు కులంతో సర్దుకుపోయే దారి పట్టారు. కులం సంఘంలోకి రాకూడదని స్కడ్డర్లు పట్టుబట్టారు. ఆ వాదన మూడు వందల ఏళ్లుగా ఈ ప్రాంతంలోనే నడుస్తోంది, మనం ఇంకా తేల్చలేదు. 2022లో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ అని మనమంతా, కథోలికులం కానివాళ్లం కూడా, సంతోషపడ్డాం. ఆయన కడప మేత్రాసనంలో గురువుగా పనిచేశారు, చిత్తూరు వైపు కథోలిక చర్చిలు కూడా ఆ మేత్రాసనం కిందివే. దళితులే ఎక్కువమంది ఉన్న సంఘంలో ఆ మొదటి పేరు రావడానికి 2022 దాకా ఆగాల్సి వచ్చిందన్నది కూడా అదే వార్తలో ఉంది.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం గురించి ఒక మాట. క్షయకు మందు లేని రోజుల్లో, సొంత ఇంటివాళ్లే పళ్లెం, గ్లాసు వేరుగా పెట్టే రోజుల్లో, వేర్వేరు మిషన్లు కలిసి అక్కడ శానటోరియం, అంటే క్షయ ఆసుపత్రి, పెట్టాయి. డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపాడు. అప్పట్లో గాలి, వెలుతురు, తిండి, విశ్రాంతి ఇవే వైద్యం. రోగి మారాకే, కోలుకున్నాకే లోపలికి రమ్మని అక్కడ ఎవరూ బోర్డు పెట్టలేదు.

ఎందుకంటున్నానంటే, చేర్చుకోవడం గురించి ఎత్తితే మీలో చాలామంది ఇచ్చే జవాబు ఒకటుంది: "పాపాన్ని ద్వేషించాలి, పాపిని ప్రేమించాలి." మంచి మాటే గానీ ఆ వాక్యం బైబిల్లో ఎక్కడా లేదు. బైబిల్లో ఉన్నది సుంకం వసూలు చేసే జక్కయ్య కథ. నేడు నేను నీ ఇంట ఉండాలి అని యేసు ముందు చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని జక్కయ్య ఆ తర్వాత అన్నాడు. ఈ వరస తిరగేస్తే అది వేరే మతం అవుతుంది. వ్యభిచారంలో పట్టుబడిందని లాక్కొచ్చిన స్త్రీతో కూడా అంతే. నేనూ నీకు శిక్ష విధించను అన్నది ముందు, ఇక పాపం చేయకు అన్నది తర్వాత. రెండో సగం మనం వదిలేయాలని నేననడం లేదు. మొదటి సగం మింగేసి రెండోది మాత్రం అప్పజెబుతున్నామని అంటున్నాను.

క్రమశిక్షణ వద్దా అంటారా, కావాలి. కొరింథు సంఘంలో ఒకణ్ణి వెలివేయమని పౌలే రాశాడు. అదే అధ్యాయంలో ఎవరితో కలిసి తినకూడదో పేర్లు పెట్టాడు: జారుడు, లోభి, విగ్రహారాధకుడు, తిట్టుబోతు, త్రాగుబోతు, దోచుకునేవాడు. ఇందులో మొదటివాడి విషయంలో మన కమిటీలు చాలా చురుగ్గా ఉంటాయి, ముఖ్యంగా అది ఆడపిల్ల అయితే. ప్రేమించి వెళ్లిపోయిన అమ్మాయిని మూడు నెలలు ప్రభువు బల్లకు దూరం పెట్టడం నేను చూశాను. నూటికి పది వడ్డీకి డబ్బు తిప్పేవాణ్ణి లోభి అని ఒక్క ఆదివారమైనా ఆపిన సంఘం చూడలేదు. తిట్టుబోతుల జోలికి వెళితే కమిటీకి కోరం సరిపోదేమో.

ఫిలిప్పు బాప్తిస్మమిచ్చిన ఐతియొపీయుణ్ణి కూడా తలచుకోవాలి. ఆయన నపుంసకుడు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం ప్రకారం అలాంటివాడు సమాజంలో చేరకూడదు. యెషయా 56వ అధ్యాయంలో దేవుడు, కొడుకులు కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు వాళ్లకిస్తానన్నాడు. రథం మీద ఆయన చదువుతున్నది ఆ యెషయా గ్రంథమే. నాకు బాప్తిస్మమివ్వడానికి అడ్డమేంటని అడిగాడు. ఫిలిప్పుకు ఏ అడ్డమూ కనిపించలేదు, ఇద్దరూ నీళ్లలోకి దిగారు. మన ఊళ్లో షాపుల ముందు చప్పట్లు కొట్టి ఆశీర్వదించే హిజ్రాలను ఎవరైనా చర్చి లోపల కుర్చీలో కూర్చుని ఉండగా చూశారా? వాళ్లను ఆడవాళ్ల వైపు కూర్చోబెట్టాలా, మగవాళ్ల వైపా అన్న టెన్షన్ తప్ప మన దగ్గర ఇంకే ఆలోచనా లేదు. అద్దె మేడ మీద మొదటి అంతస్తులో ప్రార్థన పెట్టి కుంటివాళ్లను, గుడ్డివాళ్లను విందుకు పిలవాలన్న లూకా 14వ అధ్యాయం చదవడం కూడా ఇలాంటిదే.

చివరగా సమాధుల తోట. చందా బాకీ ఉందని, ఫలానా సంఘం మారాడని, కూతురు హిందువును చేసుకుందని శవాన్ని గేటు దగ్గర ఆపి బేరమాడిన సందర్భాలున్నాయి. నేను ఏ సంఘం పేరూ చెప్పను. ఆ రోజు ఆ ఇంటివాళ్ల పక్కన నిలబడింది కాలనీలోని హిందువులు, ముస్లింలు. బకాయి రసీదు చేతికొచ్చాకే గొయ్యి తవ్వడానికి ఒప్పుకున్నది మనవాళ్లు.

ఇప్పుడు నేను అడిగేవి. సంబంధాల పుస్తకంలో, నోటీసు బోర్డు మీద కులం గడి కొట్టేయండి. వేర్వేరు కులాల విశ్వాసులు పెళ్లికి సిద్ధపడి వస్తే తల్లిదండ్రుల దగ్గరికి మీరే వెళ్లి మాట్లాడండి, వాళ్లు ఒప్పుకోకపోతే మీ ఇంటి నుంచే పెళ్లి జరిపించండి. ఏ ఆడమనిషి నుదుటి మీదా ఎవరి చెయ్యీ పడకూడదని స్త్రీల సమాజంలో స్పష్టంగా చెప్పండి. సర్టిఫికెట్ జోకులు ఆపండి. చందాకు, సమాధికి సంబంధం లేదని తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, గేటుకు అంటించండి. వీటిలో దేనికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. ఈ సంవత్సరం సభల ప్రసంగీకుడికిచ్చే కవరు కంటే తక్కువే అవుతుంది.

ఈ ఉత్తరాన్ని మీ వచ్చే పాస్టర్ల కూటమిలో చర్చకు పెట్టమని కోరుతున్నాను. నేను చెప్పిన వచనాల్లో దేన్నైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే వచనం చూపించి సరిదిద్దండి, వింటాను. ఒప్పుకుంటే ఎప్పటి నుంచి మొదలుపెడతారో ఆదివారం ప్రకటనల్లో చదవండి. ఒప్పుకోకపోతే అది కూడా చదవండి. ప్రార్థనలో పెట్టాం అని మాత్రం చెప్పకండి, ఆ జవాబు నా దగ్గర ఇప్పటికే ఉంది.

ఇట్లు,
మీ సంఘస్థురాలు,
తిరుపతి